నాలుగు గొట్టాల అల్లుడు

జగ్గమ్మకు అల్లుడంటే లెక్క లేదు. ఆ సంగతి నరసన్నపేటలో ఆమె వీధి వీధంతటికీ తెలుసు. అల్లుడికీ తెలుసు. అయినా ఇద్దరూ మర్యాద తప్పేవారు కాదు. "బాబూ, బోయినానికి లెగుస్తారా" అని ఆమె పిలిచేది. "వస్తన్నానత్తా" అని అతను వచ్చి కూర్చునేవాడు. పెరుగు గిన్నె అతని ముందు పెట్టి, వంటింట్లోకి వచ్చి, అక్కడున్న చట్టీతోనో చీపురుతోనో అనేది: "తిండి కాడ మాత్రం టయాము తప్పడు." గోడ పలచన. అతనికి వినబడేది. వినబడాలనే ఆమె అనేది.

అతని పేరు పృథ్వీరాజ్. విజయనగరం వాళ్ళబ్బాయి. విశాఖపట్నంలో ఒక కార్ల షోరూములో పనిచేస్తుండగా జగ్గమ్మ కూతురు దుర్గాభవానితో పెళ్ళయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే షోరూము మూతపడింది. భవాని శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో నర్సు. రోజూ బస్సులో వెళ్ళి వస్తుంది. "అమ్మా, నాన్న పోయినప్పట్నించీ పొలానికి మగదిక్కు లేదు కదా, ఈయన ఇక్కడే ఉండి చూసుకుంటారు" అని భవానే ఏర్పాటు చేసింది. ఆ మగదిక్కు అన్న మాట దగ్గరే జగ్గమ్మకు ఒళ్ళు మండింది. భర్త నరసింగరావు పోయాక విత్తనం నుంచి మిల్లు దాకా అన్నీ తనే చూసుకుంది. నీటి వంతు కోసం మగాళ్ళతో గట్ల మీద దెబ్బలాడింది. ఇప్పుడు ఆమెకు దిక్కుగా వచ్చినవాడు, మొదటి వారంలోనే కలుపు తియ్యమంటే వరి పీకి తుంగను ఉంచిన మహానుభావుడు.

అలాంటివాడు ఉత్త చేతులతో వచ్చినా బాగుండేది. ఒక కారు తెచ్చాడు. నడుపుకుంటూ కాదు, లారీ మీద వేసుకుని. రెండే తలుపుల స్పోర్ట్స్ కారు అది. తుపానులో చెట్టు విరిగి పడి పైకప్పు సొట్టబోతే, దాని ఆసామి విసుగెత్తి వదిలించుకున్నాడట. నడుము ఎత్తుకు మించదు. ముందు రెండు కళ్ళు, పక్కలకు చాచుకున్న ఒళ్ళు. జగ్గమ్మ దాన్ని చూడగానే పీత అని పేరు పెట్టింది. నలుగురు మనుషులు పట్టరు, రెండు ధాన్యం బస్తాలు పట్టవు, మట్టి రోడ్డు మీద పొట్ట రాసుకుంటుంది. దాన్ని ఏడాది పాటు కళ్ళంలో రేకుల షెడ్డు కింద పెట్టుకుని సొట్టలు తీశాడు, రంగు వేశాడు, ఇంజను విప్పాడు, మూశాడు. కళ్ళం నూర్పులకు కావలసి వచ్చినప్పుడు పీతను పక్కకు తోయడానికి నలుగురు కూలీలు కావలసి వచ్చేది.

వరి నాట్లు పడుతున్న రోజుల్లో ఒక పార్సిలు వచ్చింది. పృథ్వీరాజ్ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి అరుగు మీద విప్పాడు. మెరిసే స్టీలు గొట్టాలు నాలుగు, మెలికలు తిరిగి కిందకు వచ్చేసరికి ఒకటిగా కలిశాయి. జగ్గమ్మకు అవి గేదె పొదుగులా కనిపించాయి.

"వీటిని హెడర్లంటారత్తా" అన్నాడు అతను, ఆమె అడగకపోయినా. "ఇంజన్లో కాలిన పొగ బయటికి పోవాలి కదా. కంపెనీ పెట్టిన గొట్టం ఇరుకు. పొగ అందులో తన్నుకుంటాది. ఇవి పెడితే సాఫీగా పోతాది. ఇంజనుకి ఊపిరాడతాది, బలం వస్తాది."

జగ్గమ్మ అరుగు కింద తిరుగుతున్న కోడిపెట్టను చూసి అంది: "ఇన్నావేటే. పొగ పోడానికి ఇంత దర్జా. నా పొయ్యికి గొట్టమే నేదు, నానింకా బతికే ఉన్నాను."

ఆదివారం నాడు విశాఖ నుంచి కార్ల క్లబ్బు వాళ్ళు శ్రీముఖలింగం దాకా కార్లలో వస్తున్నారని, ఆ లోపల ఇవి బిగించి తనూ వాళ్ళతో వెళ్ళాలని అతని ఆశ. అది భవాని చెప్పింది. "ఉట్టికెక్కలేనమ్మ సొర్గానికి ఎక్కుతాదట" అని జగ్గమ్మ ఆకుమడికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఆమె పొలం నుంచి ఎప్పుడొచ్చినా కనబడింది అల్లుడి కాళ్ళు మాత్రమే. ముందు చక్రాలు ఎత్తి ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టి, కింద చాప పరుచుకుని, అతను పీత పొట్టలో దూరి ఉండేవాడు. ఎదురింటి బుల్లమ్మ గేటు దగ్గర నిలబడి అడిగింది.

"అల్లుడుగారు ఏటి సేస్తన్నారొదినా?"

"కారుకి పురుడు పోస్తన్నారు."

"ఏటి పుడతాదో."

"ఏదైనా పుట్టనీ. సాకాల్సింది నానే కదా."

పాత గొట్టం ఊడి వస్తే కదా కొత్తది పెట్టడం. దాన్ని ఇంజనుకు పట్టి ఉంచిన నట్లు విశాఖ సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉన్నాయి. వాటి మీద నూనె కొట్టడం, నానబెట్టడం, పానా వేసి లాగడం, మళ్ళీ నూనె కొట్టడం. ఒక్కొక్కటే ఊడింది. మూలనున్న ఆఖరిది మాత్రం మొండికేసింది. వెల్డింగు కొట్టు నుంచి గ్యాసు మంట గొట్టం అరువు తెచ్చి దాన్ని ఎర్రగా కాల్చాడు. పానా జారి వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది. జగ్గమ్మ అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నెత్తురు చూసింది.

"పసుపెట్టుకోండి బాబూ" అంది, ఎండలో పోసిన మిరపకాయలు ఎండాయని చెప్పినంత తాపీగా.

అతను వినలేదు. మళ్ళీ లోపలికి దూరాడు. కాసేపటికి కీచుమని శబ్దం, దాని వెంట అతని నవ్వు వినబడ్డాయి. ఒక్కడే కారు కింద పడుకుని నవ్వుకుంటున్నాడు. బయట ఊరంతా నడుములు వంగి నాట్లు వేస్తున్నారు. ఈ మగదిక్కు ఒక్క నట్టు ఊడదీసి లంక గెలిచినట్టు నవ్వుతున్నాడు. జగ్గమ్మకు ఎంత రోత పుట్టిందంటే ఆ పూట పెరుగు గిన్నె అతని ముందు పెట్టలేదు. అతను అడగనూ లేదు. నల్లటి చేతులతో చారన్నం తిని మళ్ళీ షెడ్డులోకి పోయాడు.

శనివారం భవానికి డ్యూటీ పడింది. జగ్గమ్మ మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి కూర తరుక్కుంటుంటే షెడ్డులోంచి పిలుపు వినబడింది.

"అత్తా, ఒక్కసారి వస్తారా. కింద నుంచి నేను ఎత్తి పట్టుకుంటాను. పైనుంచి ఎవరైనా నట్లు ఎక్కించాలి. నా చేత్తో రెండు పనులూ అవటం లేదు."

"ఎవులైనా అంటే నానేనా బాబూ?"

"మీ చెయ్యి సన్నం. ఆ సందులో నా చెయ్యి దూరదత్తా."

ఆమె కత్తిపీట వదిలి, చీర కొంగు బొడ్లో దోపుకుని, సణుగుతూ వెళ్ళింది. కారు మూత ఎత్తి ఉంది. లోపల వైర్లు, డబ్బాలు, నూనె వాసన. ఇంజను వెనుక సందులోంచి నాలుగు గొట్టాల మూతులు కింద నుంచి పైకి వచ్చి, పలచటి రేకు లాంటి గాస్కెట్టుకు ఆనుకున్నాయి. అతను చెప్పినట్టు ఆమె నట్టును రెండు వేళ్ళతో పట్టుకుని చీకట్లో తడిమి బోల్టుకు ఆనించింది. కింద అతని పట్టు సడలిందేమో, గొట్టాల గుత్తి ఒక్కసారి కిందకు జారింది.

"ఒరే, ఒగ్గకు" అంది జగ్గమ్మ. "ఎత్తి పట్టరా. ముకం మీద పడితే సచ్చిపోతావు."

"పట్టాను. పట్టాను."

"ఇంకా ఎత్తు. అదీ. కదపకు."

"తిరుగుతన్నాదా?"

"తిరుగుతన్నాది. మాటాడకు నువ్వు."

నట్టు మర పట్టుకుని సాఫీగా ఎక్కింది. తర్వాతది. ఆ తర్వాతది. మూలనున్న దానికి మోచెయ్యి దాకా దూర్చవలసి వచ్చింది. గాజు ఒకటి చిట్లింది. అయినా ఆ నట్టు కూడా ఎక్కింది. చెయ్యి బయటకు తీసి నిలబడ్డాక ఆమెకు తెలిసింది, పెళ్ళయినప్పటి నుంచి మీరు అంటున్న మనిషిని తను ఒరే అన్నదని. కింద నుంచి లేచి వచ్చిన అతనికి కూడా తెలిసి ఉండాలి. ముఖమంతా మసి, అందులో పళ్ళు మాత్రం తెల్లగా. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. మళ్ళీ మీరు అనడానికి ఆమెకు నోరు రాలేదు.

కాసేపు ఆ పనిలో తనకు ఆకలి కూడా గుర్తు రాలేదన్న సంగతి మాత్రం ఆమెకు నచ్చలేదు. "నీ మూలాన అక్కడ కూలోళ్ళు గట్టెక్కి కూకునుంటారు" అని కసిరి వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను కారు స్టార్టు చేశాడు. కొత్త గొట్టాలకు అంటిన నూనె కాలి ముందు పొగ వచ్చింది. ఆ తర్వాత మోత. షెడ్డు మీది రేకులు దడదడలాడాయి. కోళ్ళు పెంట దిబ్బ దాటి పారిపోయాయి. బుల్లమ్మ పరుగెత్తుకొచ్చి, మంటలు లేవని తెలుసుకుని, నిరాశగా వెనక్కి పోయింది. పృథ్వీరాజ్ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటున్నాడు.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అంది జగ్గమ్మ. ఈసారి కోడితో కాదు. అతనితోనే.

ఆదివారం పొద్దున్న భవాని బస్సుకు వెళ్తూ, "అమ్మా, నువ్వూ వెళ్ళు. ముఖలింగేశ్వరుడి దర్శనం అవుతుంది" అంది. జగ్గమ్మ ఒప్పుకుంది. దర్శనం కోసమని కూతురు అనుకుంది. "దారిలో ఊడి పడితే సూడ్డానికి ఒక మనిసి ఉండాల కదా" అని జగ్గమ్మ అల్లుడితో చెప్పింది. ఆ కారులో కూర్చోవడమంటే బావిలోకి దిగడమే. ముందు నడుము దిగాలి, తర్వాత తల, ఆ తర్వాత కాళ్ళు లాక్కోవాలి. రోడ్డు మీద పోయే మేకలు తనకన్నా ఎత్తుగా కనిపించాయి.

జాతీయ రహదారి పక్కన డాబా ముందు ఆరేడు కార్లు ఆగి ఉన్నాయి. రంగురంగుల కార్లు, నల్ల కళ్ళద్దాల మగాళ్ళు. అందరూ ఒకరి కారును ఒకరు ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళలో పెద్దరికం వహించేవాడి పేరు యుగంధర్. విశాఖలో తండ్రికి పెద్ద వ్యాపారం. వాడు వచ్చి పృథ్వీరాజ్ భుజం తట్టాడు గాని, చూపు మాత్రం కారు పైకప్పు మీదే ఉంది. ఎంత సరిచేసినా చెట్టు పడిన చోట ఎండలో చిన్న లోతు కనిపిస్తుంది.

జగ్గమ్మ కుర్చీలో కూర్చుని టీ తాగుతూ అంతా గమనించింది. వాళ్ళ ముందు అల్లుడి మాట మారిపోయింది. ‘వస్తాది’ పోయి ‘వస్తుంది’ వచ్చింది. గొంతు సన్నబడింది. వాళ్ళు నవ్వడానికి ముందే నవ్వుతున్నాడు.

యుగంధర్ ముందుకు వంగి, ఎత్తి ఉన్న కారు మూత కిందకు తొంగి చూశాడు. "హెడర్లు వేయించావే. ఎక్కడ? ఇక్కడ ట్రాక్టర్లకి వెల్డింగు చేసేవాడి దగ్గర కాదు కదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఛ, అదేం లేదు" అన్నాడు పృథ్వీరాజ్. "వైజాగ్‌లోనే. షాపులో చేయించాను."

జగ్గమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ అల్లుడి మీద ఆమె పోగు చేసుకున్న చులకన తక్కువేమీ కాదు. ఉద్యోగం లేదని, పొలం తెలియదని, పగలు పడుకుంటాడని, పీతను పూజిస్తాడని. అన్నీ తూర్పార పడితే ఎగిరిపోయే పొల్లు గింజలు. ఇప్పుడు పడింది గట్టి గింజ. కణుపులు చిట్లి నెత్తురు కారుతుంటే వదలకుండా తిప్పిన పని. ఒక్కడే పడుకుని నవ్వుకున్న పని. దాన్ని ఈ ముక్కూ ముఖం తెలియని వెధవల ముందు కాదనేశాడు. చేతకానివాణ్ణి ఆమె ఓర్చుకోగలదు. ఊళ్ళో సగం మంది అలాంటివాళ్ళే. చేసిన పనికి సిగ్గుపడేవాణ్ణి ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఏ షాపు?"

"అత్తా..."

"నాను సెయ్యి దూర్చింది ఏ షాపులోన? ఇదుగో, గోళ్ళలో మసి. రాత్రి కుంకుడుకాయతో రుద్దినా పోనేదు. ఇది ఏ షాపు మసి?"

ఒకడు ఫోను ఎత్తి ఆమె ఫోటో తీయబోయాడు. యుగంధర్ నవ్వాడు. "మెకానిక్ ఆంటీ మీరేనా అయితే?"

జగ్గమ్మ వాడి వైపు తిరిగింది. "నీ కారుకి ఎవులు బిగించినారు బాబూ?"

"షాపు వాళ్ళు."

"మరి నువ్వేటి సేసినావు?"

"నేనా? కార్డు గీకాను." మళ్ళీ నవ్వు.

తడి ధాన్యం ఎండు ధాన్యమని అమ్మజూపే దళారిని చూసినట్టు ఆమె వాణ్ణి నఖశిఖ పర్యంతం చూసింది. "అదా" అంది. ఆ ఒక్క మాటకే వాడి నవ్వు కాస్త తగ్గింది. ఆమె వెళ్ళి పీతలో కూర్చుంది. ఈసారి తల పైకప్పుకు తగిలింది, అయినా మూలగలేదు.

పృథ్వీరాజ్ అక్కడే నిలబడి ఉన్నాడు. తర్వాత అతని గొంతు వినబడింది, మెల్లగా.

"షాపులో కాదు. ఇంట్లోనే. మా కళ్ళంలోన బిగించాం. నేనూ మా అత్తా."

"సూపర్ బ్రో" అన్నాడు ఎవడో. అది మెచ్చుకోలో ఎగతాళో జగ్గమ్మకు తేలలేదు. ఏదైనా ఆమెకు ఒకటే. ఇప్పుడు చెప్పినంత మాత్రాన ముందు చెప్పింది చెరిగిపోదు.

జలుమూరు దాటారు. మిగతా కార్లు ముందు పోతున్నాయి. అప్పుడు కారు మోతలో టిక్‌టిక్‌మని కొత్త చప్పుడు మొదలయింది, ఎవరో పళ్ళెం మీద గోరుతో కొడుతున్నట్టు. పృథ్వీరాజ్ వెంటనే వేగం తగ్గించాడు. పొలాల పక్కన ఆపి మూత ఎత్తాడు. ముందు కార్ల మోత దూరమై వినబడకుండా పోయింది. వెనక్కి తిరిగి చూసినవాడు ఒక్కడూ లేడు.

"ఏటయినాది?"

"నట్లు వదులయ్యాయి. మొదటిసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించాలత్తా. వేడికి సర్దుకుంటాయవి. ఈ పొద్దున్నే బిగించాల్సింది."

"తెలుసా నీకా సంగతి?"

"తెలుసు."

"మరేటి సేస్తన్నావు పొద్దున్న?"

అతను తల దించుకున్నాడు. "కారు తుడిచి పాలిష్ పెట్టాను. ఆళ్ళు సూస్తారని."

"సిగ్గు నేదు నీకు."

"నేదత్తా."

ఇంజను చల్లారాలి. జగ్గమ్మ గట్టు మీదకు వెళ్ళి నిలబడింది. అక్కడ ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. అంత ఎడం ఎడంగా నాటితే కుదురుకీ కుదురుకీ మధ్య ఎడ్లబండి తోలుకోవచ్చని వాళ్ళకు చెప్పింది. వాళ్ళలో ఒకామె, రోడ్డు మీద ఆ రేకు బొమ్మ ఎవరిదని అడిగింది. "మా అల్లుడిది" అంది జగ్గమ్మ, ఇష్టం లేకుండా. వెనక్కి వచ్చేసరికి అతను ఆగలేక చెయ్యి పెట్టి మణికట్టు కాల్చుకున్నాడు. ఎర్రగా పొంగింది. నీళ్ళ సీసా తీసి దాని మీద పోస్తూ తిట్టింది. చల్లారేదాకా ఆగనివాడికి పానా ఎందుకంది, పళ్ళతో బిగించుకోమంది.

నిజంగా చల్లారాక మళ్ళీ పని మొదలుపెట్టారు. అతను పైనుంచి అందినవి బిగించాడు. మూలనున్నది ఆమె బిగించింది. పొట్టి పానా ఇచ్చి ఎటు తిప్పాలో చెప్పబోతే, "తెలుసు" అంది.

వాళ్ళ పని అవుతుండగానే క్లబ్బు కార్లు దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నాయి. యుగంధర్ కారు నెమ్మదించింది. అద్దం దిగింది.

"ట్రక్కు పిలవమంటావా? ఎక్కించుకుపోతాడు."

పృథ్వీరాజ్ నడుము ఎత్తాడు. మోచేతుల దాకా మసి. "అక్కర్నేదు" అన్నాడు. "నట్లు వదులయ్యాయి. బిగించుకుంటన్నాం."

అద్దం పైకి లేచింది. జగ్గమ్మ ఆ కారు వైపు చూడను కూడా చూడలేదు. ఆమె పానా చివరి మలుపు దగ్గర ఉంది.

మళ్ళీ స్టార్టు చేస్తే టిక్‌టిక్ లేదు. మోత మాత్రం ఉంది. శ్రీముఖలింగం చేరేసరికి గుడి తలుపులు వేసేశారు. మధ్యాహ్నం దాటితే గాని తియ్యరట. జగ్గమ్మ అల్లుడితో పాటు పూజార్లనూ కలిపి తిట్టుకుంటూ వంశధార ఒడ్డుకు నడిచింది. అరటిపళ్ళు కొని ఇద్దరూ తిన్నారు. అతను తిన్న కాసేపటికే ఇసుక మీద చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. నోరు తెరుచుకుని ఉంది. కాలిన మణికట్టు ఎండలో పడి ఉంది.

భవాని ఫోను చేసింది. దర్శనం అయిందా అని అడిగింది.

"అవనేదు. మీ ఆయన కారు దారిలో ఇప్పేసినాడు. మళ్ళీ బిగించినాం. బేగి రాం. నువ్వు బోయినం సెయ్యి."

"ఆయన్ని ఏమైనా అన్నావా అమ్మా?"

"ఏటంతాను. పడుకున్నాడు."

ఫోను పక్కన పెట్టి, కొంగు విప్పి అతని మణికట్టుకు నీడ పట్టింది. చెప్పవలసినవి చాలా ఉన్నాయి. డాబా దగ్గర ఆడిన అబద్ధం ఒకటి, పాలిష్ ఒకటి, గుడి తలుపులు ఒకటి. నిద్రలో ఉన్నవాణ్ణి తిడితే మాటలు దండగ. లేవనీ అని కూర్చుంది.